పాత రెడ్ వైన్ సీసా ఎప్పుడు తెరవాలి?

ప్రశ్న: ఫ్రాన్స్‌లో ఉండే మా తమ్ముడు 2005 నాటి బోర్డో రెడ్ వైన్ తెచ్చిచ్చాడు. రెండేళ్లుగా హాల్లో షోకేసులో నిలబెట్టి ఉంచాను. ఇంకో పదేళ్లు దాచవచ్చా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: వద్దండీ, ఈ చలికాలంలోనే తెరవండి. ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరున్న బోర్డో ప్రాంతంలో 2005 చాలా మంచి సంవత్సరమే. కానీ అలాంటి వైన్‌ని 12–14 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, పడుకోబెట్టి ఉంచాలి. హైదరాబాద్ ఎండలకు హాల్లో వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది. నిలబెట్టి ఉంచితే బిరడా ఎండిపోయి గాలి దూరుతుంది. బిరడా ఉబ్బిందా, రేకు కింద జిగటగా కారిందా, వైన్ మట్టం సీసా భుజం దాకా దిగిందా చూడండి. ఇవేవీ లేకపోతే ఆశ ఉంది.

పాతబడితే ప్రతి వైనూ బాగుపడదు. మన దగ్గర దొరికే నాసిక్ వైన్లలో చాలావరకు రెండు మూడేళ్లలో తాగేయాల్సినవే. వగరు, పులుపు రెండూ గట్టిగా ఉన్నవే నిలుస్తాయి. బోర్డో రెడ్‌లో వాడే కాబెర్నె సావిన్యోన్ ద్రాక్ష తొక్క, గింజల్లోంచి టానిన్లు అనే వగరు పదార్థాలు దిగుతాయి. కొత్త వైన్ తాగితే పచ్చి వక్క నమిలినట్టు నోరు పట్టేసేది అందుకే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్లు రంగు పదార్థాలతో కలిసి, బరువెక్కి, మడ్డిగా అడుక్కి చేరతాయి. గ్లాసును తెల్ల కాగితం మీద వంచి చూడండి: ఒకప్పటి నేరేడుపండు రంగు అంచుల్లో ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. పండు వాసన తగ్గి ఎండు అంజీర, తోలు, పొగాకు, వానకు తడిసిన ఆకుల వాసన వస్తుంది. మింగాక కూడా ఆ రుచి చాలాసేపు నాలుక మీద నిలుస్తుంది. ఇంత ఓపిక పట్టేది దీనికోసమే.

నిలబెట్టి ఉంచడం ఒక్క మేలు చేసింది, మడ్డి అడుగునే ఉంది. ఇక కుదపకండి. షోకేసులోంచి తీసి ముప్పావు గంట ఫ్రిజ్‌లో నిలబెడితే 16–18 డిగ్రీలకు వస్తుంది. తలుపు అరలో మాత్రం పెట్టొద్దు, తెరిచినప్పుడల్లా కదులుతుంది. ఇరవై ఏళ్ల బిరడాకు మరమేకు దించితే పొడిపొడి అవుతుంది. రెండు సన్నని రేకులుండే ఓపెనర్‌ను బిరడాకు, గాజుకు మధ్య అటూ ఇటూ జొనిపి, మెల్లగా తిప్పుతూ లాగండి. ముక్కలు పడితే సబ్బు వాసన లేని మల్‌మల్ గుడ్డలో వడకట్టండి.

సీసా మెడ వెనక టార్చి వెలిగించి, గాజు కూజాలోకి ఒకే ధారగా వంపండి. మెడలోకి పొగలాంటి చార రాగానే ఆపేయండి. అడుగున రెండు మూడు గుక్కలు పోయినా బాధపడొద్దు, అదంతా చేదు మడ్డి. కొత్త వైన్‌లా రెండు గంటలు గాలికి పెట్టకండి, ఇంత పాత వైన్ వాసన త్వరగా ఎగిరిపోతుంది. తడిసిన అట్ట వాసన వస్తే బిరడా చెడ్డదని, ఉడికిన జామ్ రుచి వస్తే ఎండ దెబ్బ తగిలిందని అర్థం.

ప్రశ్న: పాత రెడ్ వైన్‌తో బిర్యానీ బాగుంటుందా?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: బాగుండదు. ఆల్కహాల్‌కు మిరప మంట ఎక్కువవుతుంది, మసాలా ముందు ఆ సున్నితమైన వాసన నిలవదు. పచ్చిమిర్చి బాగా తగ్గించిన పత్తర్ కా గోష్త్ (వేడి రాతి పలక మీద కాల్చే మాంసం) గానీ, ఉప్పు, కొద్దిగా మిరియాలతో కాల్చిన లేత మాంసం గానీ పెట్టుకోండి. మాంసంలోని కొవ్వు మిగిలిన వగరును మెత్తబరుస్తుంది.