ఇంటిబడి ప్రశ్నోత్తరాలు: గోడ మీద టైమ్‌టేబుల్ తీసేయండి

కొత్త పాఠకుల కోసం రెండు మాటలు. మాది మదనపల్లె. పెళ్లికి ముందు హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఇప్పుడు కాపురం బెంగళూరు దాసరహళ్లిలో, మా ఆయనది పీణ్యాలో షిఫ్టు ఉద్యోగం. అమ్మాయికి పదహారు, అబ్బాయికి తొమ్మిది. ఇద్దరూ ఇంట్లోనే చదువుతారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సిలబస్ గురించే ఉన్నాయి కాబట్టి ముందు అదే చూద్దాం.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. జూన్‌లో మూడో తరగతికి పంపకుండా ఇంట్లో మొదలుపెట్టాం. పాతిక వేలు పోసి ఒక కంపెనీ కిట్ కొన్నాం. తొమ్మిది నుంచి మూడింటిదాకా పీరియడ్లు వేసి గోడకి టైమ్‌టేబుల్ అంటించాను. దసరా వచ్చేసరికి వాడూ ఏడుపే, నేనూ ఏడుపే. కిట్ మారిస్తే బాగుపడుతుందా అక్కా? మీ ఇంట్లో ఏ పుస్తకాలు, రోజు ఎలా గడుస్తుంది?
(ఒక తల్లి, మారతహళ్లి)

జవాబు: కిట్ మార్చకమ్మా, కొత్తది కొనకు. ముందు ఆ టైమ్‌టేబుల్ తీసేయ్. బడిలో క్లాసుకి నలభై మంది ఉంటారు గనక పీరియడ్లు కావాలి. హాజరు వేసి, నోట్సులు తీయించి, వెనక బెంచీ గోల ఆపేసరికి పాఠానికి ఎంత మిగులుతుందో బోర్డు ముందు నిలబడ్డ నాకు తెలుసు. ఇంట్లో ఒక్కడి పక్కన కూర్చుంటే అదే పని పావుగంటలో తెమిలిపోతుంది. మిగిలిన టైమంతా వాణ్ణి కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టావో వాడికీ తెలీదు, నీకూ తెలీదు. ఏడుపు రాక ఏమొస్తుంది!

మా ఇంట్లో రోజు మా ఆయన షిఫ్టును బట్టి నడుస్తుంది. ఉన్నవి రెండు గదులు. నైట్ షిఫ్టు వారం ఆయన పొద్దున పడుకుంటారు, ఇల్లు చప్పుడు లేకుండా ఉండాలి. ఆ వారమంతా చదువు మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో. ఎక్కాలు, పద్యాలు, గట్టిగా చదివేవన్నీ సాయంత్రానికి వాయిదా. పొద్దుటి షిఫ్టు వారమైతే ఆయన మూడున్నరకి ఇంటికొస్తారు. కాఫీ తాగి అబ్బాయిని వెంటేసుకుని సైకిలో, మిక్సీయో, పాడైన స్విచ్చో ఏదో ఒకటి విప్పుతారు. ఏ వారమైనా లెక్కలూ చదవడమూ మాత్రం ఆపం. మిగతావి వీలును బట్టి.

పుస్తకాలంటావా, లెక్కలకి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీవి. వాళ్ల వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు ఉచితం, చిన్న తరగతులవి అచ్చు పుస్తకం కొన్నా వంద రూపాయల లోపే. 2023లో ఒకటి, రెండు తరగతులతో మొదలుపెట్టి కొత్త పుస్తకాలు తెస్తున్నారు, బొమ్మలూ ఆటలూ ఎక్కువ. ఆ బ్రాండ్ మీద నాకు మోజేమీ లేదు. రేపు పదో తరగతైనా ఎంట్రన్సులైనా చివరికి ఆ దారిలోకే వస్తాయి, అంతే. తెలుగుకి ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాల వాచకాలు రెండూ పెట్టుకున్నాను. కథలకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగువి ఉచితంగా బోలెడు దొరుకుతాయి. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్లవి హైదరాబాద్ వెళ్లినప్పుడు సంచీ నిండా తెచ్చుకుంటాం. సైన్స్‌కి ముంబయి హోమీ భాభా కేంద్రం వాళ్లు చిన్న తరగతులకి తయారుచేసిన పుస్తకాలు నాకు నచ్చాయి. ముందు చేసి చూడమంటాయి, పేర్లు తర్వాత చెబుతాయి.

ఇంక మన పాఠం సగం తోపుడు బండి దగ్గరే. మా వీధిలోకి కూరగాయలతో వచ్చే ఆయన దగ్గర ఎలక్ట్రానిక్ కాటా ఉంది. మావాడికి పావు, అర, ముప్పావు చిన్నప్పటి నుంచి తెలుసు, దశాంశాలు మాత్రం తెలీవు. ముప్పావు కిలో టమాటా తూయమంటే కాటా మీద 0.750 అని పడింది. "ముప్పావు అన్నాం కదా, ఏడొందల యాభై అంటుందేం?" అన్నాడు. కిలో అంటే వెయ్యి గ్రాములని వాడికి తెలుసు, వెయ్యిలో ముప్పావు ఎంతో వాడే వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. మర్నాడు బీన్స్ పావు అడిగి, కాటా చూడకుండా "250 పడుతుంది" అన్నాడు. పడింది 0.265. ఆయన ఇంకో కాయ తీయబోతే "ఉండనీ అంకుల్, పదిహేను గ్రాములకి ఎంతవుతుందో చెప్తా" అని నిలబెట్టేశాడు. వెనక ఇద్దరు ఆడవాళ్లు కొత్తిమీర పట్టుకుని ఎదురుచూస్తున్నారు. కిలో ఎనభై అయితే రూపాయి ఇరవై పైసలని తేల్చేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. ఆ వారం దశాంశాల అభ్యాసం పుస్తకంలో నేను చెప్పేదేమీ మిగల్లేదు, ఊరికే గబగబా చేసేశాడు. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. అమ్మాయి అలా కాదు, దానికి పుస్తకంలో వరసగా ఉంటేనే బుర్రకెక్కేది.

సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు అడుగు, పది రూపాయలకి నీకు కావల్సినంత ఇస్తారు. పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయించే అర్వింద్ గుప్తా గారు అగ్గిపుల్లలతో, ఈ ట్యూబు ముక్కలతో చేయించే ఆకారాలు ఆయన వెబ్‌సైట్‌లో ఉన్నాయి. చతురస్రం చేస్తే పక్కకి ఒరిగిపోతుంది. అడ్డంగా ఇంకో పుల్ల పెట్టి రెండు త్రిభుజాలు చేస్తే కదలదు. అది చేసిన సాయంత్రం మొబైల్ టవర్ కింద నిలబెట్టు, త్రిభుజాలు వాడే లెక్కపెడతాడు.

నెలకోసారి ఊళ్లోకి వెళ్తాం. దాసరహళ్లి నుంచి గ్రీన్ లైన్‌లో నేరుగా లాల్‌బాగ్. అక్కడ కెంపేగౌడ గోపురం ఉన్న బండరాయి దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిదని బోర్డు ఉంటుంది. ఆ అంకె రాయమంటే మావాడు రాయి మీదే కూర్చుని మూడు పక్కన తొమ్మిది సున్నాలు సుద్దముక్కతో వేశాడు, సెక్యూరిటీ ఆయన తుడిపించాడనుకో. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది, దానికి మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్ మారాలి. మెట్రోలో ఇంకో లాభం కన్నడ. తెలుగు వచ్చినవాడికి క, త, శ లాంటి కొన్ని అక్షరాలు తప్ప బోర్డులు దాదాపు చదవొచ్చు. మా అబ్బాయి స్టేషన్ల పేర్లతోనే కన్నడ చదవడం నేర్చుకున్నాడు. మాట్లాడటం ఎదురింటి పిల్లలు నేర్పారు, తిట్లతో సహా.

నీ కిట్‌లో రంగు పెన్సిళ్లు, మేకులు గుచ్చే బోర్డు, ఏవైనా బొమ్మలుంటే వాడుకో. వర్క్‌షీట్లు పక్కన పెట్టు. ఓ నెల రోజులు లెక్కలు కాసేపు, కథ చదవడం కాసేపు, అంతే. తర్వాత మళ్లీ రాయి.

ప్రశ్న: ఇలా పిల్లల్ని బడికి పంపకపోవడం చట్టప్రకారం నేరమా? ఆఫీసర్లు వస్తారా? మాకు ఒకాయన "హోమ్‌స్కూల్ రిజిస్ట్రేషన్" చేయిస్తానని ఎనిమిది వేలు అడుగుతున్నాడు.
(ఒక తండ్రి, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: ఆ ఎనిమిది వేలు ఇవ్వకండి సార్. ఇంటి చదువుని నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు అంటూ ఏదీ లేదు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి వర్తిస్తుంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకి జరిమానా, జైలు అని మాత్రం అందులో లేదు. ఇంటి చదువుకి అనుమతి అనీ లేదు, నిషేధం అనీ లేదు. ఇదీ పరిస్థితి. దీంతో నిద్ర పట్టనివాళ్లు ఈ దారిలోకి రాకపోవడమే మంచిది, నేను ధైర్యం నూరిపోయను. ఒక విషయం ఊరటనిస్తుంది. అదే చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం మధ్యలో బడిలో చేరే పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. మానిపించేటప్పుడు టీసీ తీసుకోవడం మర్చిపోకండి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్‌లలో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. పదో తరగతికి కట్టేటప్పుడు ఒక్క ఇనీషియల్ తేడా ఎంత తిప్పుతుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో మనవణ్ణి బడి మానిపించింది. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏ క్లాసు బాబూ?" అంటే వాడు నా మొహం చూస్తాడు. నాకు తల కొట్టేసినట్టుంది.
(ఒక అమ్మమ్మ, నెల్లూరు)

జవాబు: "నాలుగో క్లాసు" అని చెప్పమనండి పెద్దమ్మగారూ, వయసుని బట్టి. అబద్ధమేమీ కాదు, చదివేది ఆ పుస్తకాలే కదా. పెళ్లిలో అడిగేవాళ్లకి అంతకంటే అక్కర్లేదు, వాళ్ల ధ్యాస భోజనాల మీద ఉంటుంది.

మీకో పని చెబుతాను. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో వాడిచేత తెలుగు చదివించండి. మీకు నోటికొచ్చిన శతక పద్యాలు ఒక్కొక్కటీ నేర్పించండి. బెంగళూరులో పెరిగే మన పిల్లలకి ఇంటి చదువులో మొదట జారిపోయేది తెలుగే. అది పట్టుకునేవాళ్లు కావాలి, మీ అమ్మాయికి తీరిక దొరకదు. కోపం వచ్చినప్పుడు ఆవిడ మీద చూపించండి, పిల్లాడి ముందు వద్దు.

ప్రశ్న: ఆంటీ, మీ పిల్లలకి ఆదివారం సెలవు ఉంటుందా? టెస్టులు ఉంటాయా?
(ఐదో తరగతి అమ్మాయి, యలహంక)

జవాబు: ఇది మావాడికే ఇచ్చాను. "ఆదివారం సెలవే. కానీ సోమవారం మావయ్య వస్తే సోమవారం కూడా సెలవు. టెస్టులు లేవు, అమ్మ అడుగుతుంది, అది టెస్టు కంటే ఘోరం" అన్నాడు.

ప్రశ్న: మా పాపకి పదమూడు. పదో తరగతి ఎలా రాయించాలి? ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్‌తో ఇంజినీరింగ్, మెడిసిన్ కుదురుతాయా? చుట్టాలు "ఓపెనా?" అని మూతి విరుస్తున్నారు.
(ఒక తండ్రి, కె.ఆర్.పురం)

జవాబు: విరవనివ్వండి. ఓపెన్ స్కూల్ నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఓఎస్ 1989లో పుట్టింది, బోర్డుగా దానికి గుర్తింపు ఉంది. పద్నాలుగు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి, పాస్ మార్కు 33 శాతం. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండు విడతలు, ఏప్రిల్-మేలో ఒకటి, అక్టోబరు-నవంబరులో ఒకటి. అడ్మిషన్ అయిదేళ్లు చెల్లుతుంది. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. మా అమ్మాయి భాషలు, పెయింటింగ్ ముందు విడతలో రాసి, లెక్కలు, సైన్స్ తర్వాతి విడతకి పెట్టుకుంది. దాంతో ఇంట్లో పదో తరగతి టెన్షన్ అన్నదే తెలియలేదు. తెలుగు మీడియంలోనూ రాయొచ్చు. హోమ్ సైన్స్, పెయింటింగ్, కర్ణాటక సంగీతం లాంటివి కూడా సబ్జెక్టులే. బొమ్మలు గీసే పిల్లకి గీత గీయడమే మార్కులవుతుంది.

రెండు చోట్ల జాగ్రత్త. థియరీ మార్కుల్లో 20 శాతం టీఎంఏ అనే ఇంటి అసైన్‌మెంట్లకి ఉంటుంది, గడువు దాటనివ్వకండి. రెండోది స్టడీ సెంటర్. సైన్స్ ప్రాక్టికల్స్ అక్కడే. మాకు పడ్డ చోట ల్యాబ్ తాళం తీసే మనిషి కోసం ఎండలో వరండాలో పడిగాపులు కాశాం, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఎంచుకునే ముందే ఓసారి స్వయంగా వెళ్లి, ల్యాబ్ తెరిచి ఉందా, ఎవరు చూసుకుంటారు అని అడిగి రండి.

పదోది తొందరగా ముగించి మరుసటి ఏడాదే పన్నెండు రాయించేద్దామని కొందరు ఉబలాటపడతారు. రెండు పరీక్షల మధ్య రెండేళ్ల వ్యవధి ఉండాలని నియమం. ఇంజినీరింగ్‌కి జేఈఈ రాసేవాళ్లు పన్నెండులో కనీసం అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి. మెడిసిన్ సంగతి, 2018లో ఓపెన్ స్కూల్ పిల్లలు నీట్ రాయకూడదని అడ్డం పెట్టారు, ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాదే దాన్ని కొట్టేసింది. కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

కేంబ్రిడ్జి వాళ్ల ఐజీసీఎస్ఈ (పదో తరగతి స్థాయి పరీక్ష) ప్రైవేటుగా రాసే పిల్లలూ ఈ ఊళ్లో ఉన్నారు. బయటి పిల్లల్ని రాయనిచ్చే స్కూలు దొరకాలి, సబ్జెక్టుకి ఇంతని ఫీజు కట్టాలి. షిఫ్టు జీతంలో అది మా లెక్కలోకే రాలేదు. విదేశీ చదువు ఖాయమనుకుంటే తప్ప మీకూ అక్కర్లేదనే అంటాను.

ప్రశ్న: మేమిద్దరం ఐటీ ఉద్యోగులం, వర్క్ ఫ్రమ్ హోమ్ కూడా ఉంది. ఏడేళ్ల పాపని ఇంట్లో ఉంచి ఆన్‌లైన్ క్లాసులతో నెట్టుకురావచ్చా?
(దంపతులు, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

జవాబు: కుదరదండీ. ఇంట్లో ఉండటం వేరు, పిల్లతో ఉండటం వేరు. మీటింగ్‌లో మ్యూట్ నొక్కి "ఐదు నిమిషాలమ్మా" అనడంతోనే రోజు గడిచిపోతుంది, ఆ పాప ట్యాబ్ ముందు ఒంటరిగా కూర్చుంటుంది. దానికంటే బడిలో నలుగురి మధ్య ఉండటం నయం. ఒకరు పని గంటలు తగ్గించుకోగలిగితే, లేదా మా ఇంట్లోలా షిఫ్టులు కలిసొస్తే, అప్పుడు ఆలోచించండి.

అంత ఇష్టమే ఉంటే స్కూలు సీటు వదులుకోకుండా ఏప్రిల్, మే నెలల్లో చేసి చూడండి. సెలవులు కదా, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. పాపకి రోజూ లెక్కలు ఎవరు చెప్పారో, కథ ఎవరు చదివించారో క్యాలెండర్ మీద పేరు రాసి పెట్టుకోండి. జూన్ ఫీజు కట్టే ముందు ఇద్దరూ కూర్చుని అది చూడండి. ఖాళీ గళ్లు ఎక్కువుంటే ఫీజు కట్టేయండి.