జాలీ గ్రీన్ జెయింట్ తోక మీద కూర్చుంటే...

ఈసారి ప్రశ్నలన్నీ ‘జాలీ గ్రీన్ జెయింట్’ అని పిలిచే హెచ్‌హెచ్-3ఈ ప్లాస్టిక్ మోడల్ కిట్ (1/72 స్కేలు, అంటే అసలులో 72వ వంతు) గురించే. వియత్నాం యుద్ధంలో కూలిన విమానాల పైలట్లను తీసుకొచ్చిన సికోర్‌స్కీ హెలికాప్టర్ ఇది.

ప్రశ్న: బాడీ అతికించి రంగు కూడా వేసేశాను. చక్రాల మీద నిలబెడితే ముక్కు పైకి లేచి తోక నేలకి తగులుతోంది. ఇప్పుడేమైనా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. ప్రధాన చక్రాలు స్పాన్సన్లలో (బాడీకి రెండు పక్కలా పొడుచుకొచ్చిన భాగాలు) బాగా వెనక్కి ఉంటాయి, ఆ వెనకంతా పొడవాటి తోక. అందుకే ముక్కులో బరువు తప్పదు. ముందు అద్దాన్ని తెల్ల గ్లూతో అతికించి ఉంటే తడిగుడ్డ కాసేపు పెడితే ఊడొస్తుంది, బరువు అక్కణ్నుంచి పెట్టొచ్చు. లేదంటే ముక్కు చక్రం గూట్లో 3 మి.మీ. రంధ్రం చేసి, సన్నటి లోహపు గుళ్లు వేసి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు పోయండి. గట్టిపడేదాకా ముక్కు కిందికే ఉండాలి. సీసం గుళ్లకు మాత్రం తెల్ల గ్లూ వాడకండి. ఆ రెండూ కలిస్తే సీసం మెల్లగా తుప్పుపట్టి ఉబ్బుతుంది; కొన్ని నెలలకు ముక్కు అతుకు పగులుతుంది. స్టీలు గుళ్లయితే ఈ బెడద లేదు.

ఇంకా అతికించనివాళ్లు స్పాన్సన్లు, రోటర్లతో సహా అన్నీ టేపుతో బిగించి చూసుకోండి. ముక్కు దిగినంత బరువు తూచి, ఇంకాస్త కలపండి. అంచు మీద నిలిచిన బ్యాలెన్సు బల్ల కదిలితే చాలు, తప్పుతుంది.

ప్రశ్న: కిట్‌లో రోటర్ రెక్కలు వంపు లేకుండా తిన్నగా ఉన్నాయి. ఫొటోల్లో వంగి కనిపిస్తున్నాయేం?

జవాబు: తిరుగుతున్నప్పుడు అపకేంద్ర బలం వాటిని చాచి ఉంచుతుంది, ఆగితే సొంత బరువుకి వాలతాయి. నేల మీద నిలబెట్టే మోడల్‌కి ఈ వాలు లేకపోతే బొమ్మలా ఉంటుంది. అసలు రోటర్ వ్యాసం 18.9 మీటర్లు, కిట్‌లో 262 మి.మీ. ఆగి ఉన్న హెలికాప్టర్ ఫొటో చూసి వంపుని అట్ట మీద గీసుకోండి. రెక్కని బాగా వేడిగా ఉన్న నీళ్లలో ముంచి (మరుగుతున్న నీళ్లు వద్దు, మెలిక పడుతుంది), వేళ్లతో వంచి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. ఐదింటినీ ఆ గీత మీదే సరిచూడండి. ఇదంతా రంగుకి ముందే. తర్వాత వంచితే పెయింట్ చిట్లుతుంది.

ప్రశ్న: కాక్‌పిట్ అద్దం లోపల తెల్లగా మసకబారింది.

జవాబు: సూపర్ గ్లూ ఆవిరి. అద్దం ఊడదీసి, సన్నటి పాలిషింగ్ పేస్టుతో రుద్ది, మెరుపునిచ్చే (గ్లాసీ) వార్నిష్‌లో ముంచి ఆరనివ్వండి. ఈసారి తెల్ల గ్లూతో పెట్టండి.

ప్రశ్న: వియత్నాం నాటి రంగులేవి?

జవాబు: పైన ఫెడరల్ స్టాండర్డ్ (అమెరికా ప్రభుత్వ రంగుల నంబర్లు) 34079, 34102 ఆకుపచ్చలు, 30219 టాన్ (లేత గోధుమ), కింద 36622 లేత బూడిద.

ప్రశ్న: సీ కింగ్ (సికోర్‌స్కీదే మరో హెలికాప్టర్) కిట్‌ని దీనిగా మార్చొచ్చా?

జవాబు: వద్దు. సీ కింగ్‌కి తోక చక్రం, పడవ అడుగు. దీనికి ముక్కు చక్రం, వెనక ర్యాంపు. బాడీ మొత్తం కొత్తగా చెక్కుకోవాలి.