నాలుగొందల కాక్స్, రెండు కిలోలు

ప్రశ్న: మేడమ్ గారూ, మా బ్రాడీపేటలో రోజూ పొద్దున్నే పదిమందిమి షటిల్ ఆడతాం. ఈకలు విరిగిన కాక్స్ పారేయబుద్ధి కాక ఏడాదిగా గోనెసంచిలో వేస్తున్నాను. నాలుగొందలు దాటాయి. పాత సామాన్లతను చూసి నవ్వి వెళ్లిపోయాడు. మా ఆవిడేమో సంచి వీధిలో పెడతానంటోంది. ఏం చేయమంటారు?
- రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు

జవాబు: అతను నవ్వడంలో తప్పులేదండీ. నిబంధనల ప్రకారం ఒక్కో కాక్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. సంచి నిండుగా కనిపించినా మీ ఏడాది సంపాదన రెండు కిలోలు, ఇంకాస్త. అందులోనూ ఈక, కార్క్, దారం, జిగురు అన్నీ కలిసుంటాయి. విడదీసే ఓపిక అతనికెక్కడిది?

నేను పటమటలో ఆడతాను. మేడ మీద కుండీలున్నాయి కదా అని మొదట్లో కాక్స్ అలాగే ఎరువు డబ్బాలో పడేశాను. ఆర్నెల్లకి తిరగేస్తే కూరగాయల తొక్కలన్నీ మట్టయ్యాయి, ఇవి మాత్రం కడిగి సర్వీస్ చేయొచ్చన్నట్టున్నాయి. బాతు ఈకైనా మన గోరు, జుట్టులాగే కెరాటిన్, ఓ పట్టాన కుళ్లదు. కుళ్లిందంటే మాత్రం మొక్కకి మంచి నత్రజని.

ఇప్పుడు దారం చుట్టిన వరసలకి పైన కత్తెర వేస్తాను. 16 ఈకలూ చేతిలోకొస్తాయి. ముక్కలు చేసి, రెండ్రోజులు నానబెట్టి, పేడతో కలిపి మట్టిలో కప్పెడతాను. నెలలు పడుతుంది. నానేటప్పుడు వాసనొస్తుంది, మీ ఆవిడకి ముందే చెప్పండి. గాలి రోజున మేడ మీద కత్తిరించకండి. ఓసారి నా ఈక ముక్కలు పక్కింటి పిన్నిగారి గుమ్మడి వడియాల మీద వాలాయి. అప్పుడే పెట్టిన తడి వడియాలు! ఆవిడ ఒక్కొక్కటీ గిల్లి తీస్తూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

కార్క్ తలలు కుట్టు మిషన్ దగ్గర సూదులు గుచ్చుకోవడానికి బాగుంటాయి. నాలుగొందల తలలకి సరిపడా సూదులు ఏ ఇంట్లో ఉంటాయి లెండి! మిగతావి తోలు ఒలిచి, కోసి కుండీల్లో పైన పరుస్తాను, ఎండాకాలం మట్టి తొందరగా ఆరదు. తల ఫోమ్‌దైతే వద్దు. నైలాన్ కాక్స్‌కి నా దగ్గరా ఉపాయం లేదు, పొడి చెత్తలోకే.

ఇంకోటి, ఆడే ముందురోజు రాత్రి కొత్త కాక్స్‌కి కాస్త ఆవిరి పట్టండి. మన ఎండలకి ఈక పెళుసెక్కి టప్పున విరుగుతుంది. తేమ తగిలితే ఇంకో గేమ్ వస్తుంది.

కాక్స్ వచ్చిన అట్ట డబ్బాలు మాత్రం ఆ పాత సామాన్లతనికే ఇవ్వండి. ఈసారి నవ్వడు.