ఫేసెస్ ఆఫ్ డెత్‌లో చూపినవి నిజమైన మరణాలేనా?

హాస్టల్లో స్నేహితులు 'ఫేసెస్ ఆఫ్ డెత్' అనే సినిమా చూద్దామంటున్నారనీ, అందులోని మరణాలన్నీ నిజమైనవేనా, చూడవచ్చా అనీ మీరు అడిగారు. చాలా మరణాలు నటించి తీసినవే. అయితే వాటి మధ్యలో కబేళా దృశ్యాలు, ప్రమాదస్థలాల్లో వార్తల కోసం తీసిన దృశ్యాలు నిజమైనవి కూడా ఉన్నాయి. ఏది ఏదో చెప్పకుండా రెండింటినీ కలిపి అతికించడమే నాకు మింగుడుపడని సంగతి.

నేను చెన్నైలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు టి.నగర్‌లో అద్దెకు తెచ్చిన క్యాసెట్‌లో దానిని చూశాను. కాపీ మీద కాపీ తీయడంతో బొమ్మంతా గీతలు పడి ఉంది. ఆ గీతల వల్లే మాకు అది మరింత నిజమనిపించింది. భోజనబల్ల మధ్యలో బిగించిన కోతి తలను సుత్తులతో కొట్టి, మెదడు తినే దృశ్యం చూశాక రెండు రోజులు నాకు మెస్సులో అన్నం సయించలేదు. వడపళనిలో ఎడిటింగ్ అసిస్టెంటుగా పనిచేసే మా బాబాయితో ఈ సంగతి చెబితే, ఆయన ఆ క్యాసెట్ తెప్పించి, ఆ ముక్కను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశారు. "కొట్టేవాళ్ల ముఖాలు ఒక షాటు, సుత్తి ఒక షాటు, కోతి ఇంకొక షాటు. జరగబోయేది కెమెరాకు ముందే తెలుసురా" అన్నారు. ఆయన అన్నట్టే, సుత్తులు నురగరబ్బరువనీ, మెదడు క్యాలీఫ్లవర్‌కు నకిలీ రక్తం పూసినదనీ తరువాత చదివాను. 1978లో వచ్చిన ఆ చిత్రాన్ని జాన్ అలన్ ష్వార్ట్జ్ మారుపేరుతో తీశారు. వ్యాఖ్యానం చెప్పే 'డాక్టరు' కూడా నటుడే. నిజమైనవీ నటించినవీ కలిపి డాక్యుమెంటరీలా చూపే ఈ ధోరణికి దారి వేసినది 1962 నాటి ఇటలీ చిత్రం 'మోండో కానే'.

మరణం గురించిన డాక్యుమెంటరీయే చూడాలనుకుంటే, నాజీ నిర్బంధ శిబిరాల మీద ఫ్రెంచి దర్శకుడు అలన్ రెనే తీసిన 'నైట్ అండ్ ఫాగ్' చూడండి. నిడివి 32 నిమిషాలే. అందులో శవాలూ కనిపిస్తాయి, కాబట్టి తేలికగా చూడగలిగినది కాదు. కానీ నన్ను వదలనిది ఆడవాళ్ల జుట్టు గుట్ట: కెమెరా మెల్లగా పైకి వెళుతూనే ఉంటుంది, గుట్ట మాత్రం ఎంతకీ తరగదు.

స్నేహితులు అయినా పట్టుబడితే, కోతి దృశ్యం దగ్గర ఆపి, షాట్లు లెక్కపెట్టమనండి.