పాస్తాకీ ఎసరు లెక్క ఉంది

పాస్తాని విడిగా ఉడకబెట్టి వార్చే పని లేకుండా, కూరముక్కలతో పాటు ఒకే గిన్నెలో వండుకోవడం మీద వచ్చిన ప్రశ్నలకి ఈ సంచికలో జవాబులు. గ్లాసు అంటే 200 మి.లీ., టీ స్పూను 5 మి.లీ., టేబుల్ స్పూను 15 మి.లీ. స్పూన్లు తలకొట్టి కొలవాలి.

ప్రశ్న: సాయంత్రం ఏడున్నరకి ఇల్లు చేరతాను. నలుగురం. పాస్తా ఒక గిన్నెలో, సాస్ ఇంకో గిన్నెలో చేసి, వార్చి, మళ్లీ కలిపే ఓపిక ఉండదు. ఒకే గిన్నెలో, తక్కువ ఖర్చుతో అయ్యేలా కొలతలతో చెప్పండి. – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అత్తెసరు అన్నం వండటం వచ్చినవాళ్లకి ఇది కొత్త పని కాదండీ. గంజి వార్చే అన్నానికి నీళ్లు ఎన్ని పోసినా ఇబ్బంది లేదు. అత్తెసరుకి మాత్రం కొలత తప్పకూడదు. పాస్తా కూడా అంతే. వార్చితే గంజంతా సింకులోకి పోతుంది. వార్చకపోతే ఆ గంజే టమాటా రసాన్నీ నూనెనీ విడిపోకుండా కలిపి పట్టుకుంటుంది. విడిగా సాస్ చేయక్కర్లేదన్నది అందుకే.

నలుగురికి పెన్నె (గొట్టాల పాస్తా) గానీ ఫ్యుజిల్లీ (మెలికల పాస్తా) గానీ 300 గ్రాములు తీసుకోండి. బాగా పండిన టమాటాలు 5 (సుమారు 400 గ్రాములు), ఉల్లిపాయలు 2, వెల్లుల్లి రెబ్బలు 8, క్యారెట్ 1, క్యాప్సికం 1, నూనె 2 టేబుల్ స్పూన్లు, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి 1 టీ స్పూను, ఉప్పు ఒకటిన్నర టీ స్పూన్లు, నీళ్లు నాలుగుంపావు గ్లాసులు, అంటే 850 మి.లీ. ఎంతమందికి చేసినా 100 గ్రాముల పాస్తాకి 275 నుంచి 300 మి.లీ. ఎసరు అని గుర్తుపెట్టుకోండి. ఆలివ్ నూనె, సీసాలో వచ్చే సాస్, మొజరెల్లా చీజ్ ఏవీ అవసరం లేదు. ఖర్చు పెరిగేది వాటివల్లే. మీరు రోజూ వాడే నూనె చాలు.

నాలుగైదు లీటర్ల వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గిన్నె పెట్టండి. పక్క పొయ్యి మీద నీళ్లు కాగుతూ ఉండాలి. నూనె వేడెక్కాక చితక్కొట్టిన వెల్లుల్లి అర నిమిషం, ఉల్లిపాయ ముక్కలు 3 నిమిషాలు వేయించి, టమాటా ముక్కలు, ఉప్పు వేసి మూత పెట్టండి. ఐదు నిమిషాలకి తోలు ఊడివస్తుంది. గరిటెతో మెదిపి, నూనె అంచుల్లో తేలేదాకా ఉంచండి. ఇక్కడ తొందరపడితే చివరిదాకా పచ్చివాసన వదలదు. అప్పుడు ఎండుమిర్చి, క్యారెట్ ముక్కలు, పాస్తా వేసి, కాగిన నీళ్లు పోసి, పాస్తా అంతా నీళ్లలో మునిగేలా గరిటెతో నొక్కండి.

మొదటి మూడు నిమిషాలు పెద్ద మంట మీద నిమిషానికోసారి అడుగు నుంచి కలపాలి. పాస్తా పైపొరలోని పిండి జిగురుగా మారేది అప్పుడే. వదిలేస్తే ముక్కలు ఒకదానికొకటి, అన్నీ కలిసి గిన్నెకీ అంటుకుంటాయి. తర్వాత మంట తగ్గించి, మూత ఓరగా పెట్టి, రెండు నిమిషాలకోసారి అడుగు గీకుతూ కలిపితే చాలు. ప్యాకెట్ మీద 11 నిమిషాలని ఉంటే దీనికి 12, 13 పడుతుంది, నీళ్లు తక్కువ కాబట్టి. చివరి 4 నిమిషాలు ఉందనగా క్యాప్సికం వేయండి.

తొమ్మిదో నిమిషంలో ఒక పెన్నె ముక్క తీసి అడ్డంగా కోసి చూడండి. గోడ మధ్యలో సుద్దముక్కలా తెల్లటి గీత కనిపిస్తుంది. ఆ గీత వెంట్రుకంత సన్నబడే సరికి పాస్తా పలుకు మీద ఉన్నట్టు. అప్పుడే ఆపేయండి. ఆపేటప్పుడు సాంబారు కన్నా చిక్కగా, ముద్దపప్పు కన్నా పల్చగా కనిపించాలి. మూత పెట్టి 4 నిమిషాలు వదిలితే మిగతా తడి పాస్తా పీల్చుకుంటుంది. పొయ్యి మీదే చిక్కబడేదాకా ఉంచితే కంచంలోకి వచ్చేసరికి గట్టిపడిపోతుంది. ఉప్పు సరిచూడటం ఈ దశలోనే. వార్చడం లేదు కాబట్టి వేసిన ఉప్పంతా లోపలే ఉంటుంది. మొదట్లోనే ఎక్కువైతే తీయడానికి దారి లేదు. కూరలు తరగడంతో కలిపి అరగంట పని.

ప్రశ్న: నీళ్లు కొలిచే పోస్తున్నాను, అయినా ప్రతిసారీ ముద్దవుతోంది. ఎందుకు? – వరంగల్

జవాబు: ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి దినుసుల పట్టీ చదవండి. డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉండాలి. గట్టి గింజ గల ఆ గోధుమలో మాంసకృత్తులు ఎక్కువ. అవి వలలా అల్లుకుని పిండిని బయటికి పోనివ్వవు. అందుకే పలుకు నిలుస్తుంది. ఆ పాస్తా తేనెరంగులో ఉంటుంది. మైదాతో చేసినది తెల్లగా ఉంటుంది, విడిగా తూకం వేసి అమ్మే మాకరోనీలో ఈ రకం ఎక్కువ. అది ఏడెనిమిది నిమిషాలకే మెత్తబడి, నీళ్లని జావలా చేస్తుంది. ఇంట్లో అదే ఉంటే పారేయక్కర్లేదు. 100 గ్రాములకి 220 మి.లీ. నీళ్లే పోసి, అయిదో నిమిషం నుంచే కొరికి చూస్తూ ఉండండి.

పాస్తా మంచిదే అయినా ముద్దవుతోందంటే, చల్లటి నీళ్లతో మొదలుపెడుతున్నారేమో చూసుకోండి. నీళ్లు మరిగేలోపే పాస్తా నానిపోయి, ఉడికే సమయం లెక్క తప్పుతుంది. ఇంకో పొరపాటు, ఉడికాక గరిటెతో అదేపనిగా తిప్పడం. మొదటి మూడు నిమిషాల్లో ఎంత కలపాలో, చివర్లో అంత వదిలేయాలి. మెత్తబడిన అంచులు విరిగి పిండవుతాయి.

ప్రశ్న: కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ రానివ్వాలి? – కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: విజిల్స్ లెక్క దీనికి నమ్మదగింది కాదు. ఒక కుక్కర్ నిమిషానికి ఒకటి కూస్తే ఇంకోటి మూడు నిమిషాలకి కూస్తుంది, పాస్తాకి ఆ తేడా చాలా ఎక్కువ. గడియారం చూసుకోండి. ప్యాకెట్ మీది సమయంలో సగం తీసుకుని, అందులోంచి ఒక నిమిషం తగ్గించండి. 11 నిమిషాల పెన్నెకి నాలుగు, నాలుగున్నర నిమిషాలు. మొదటి విజిల్ రాగానే మంట సన్నగా పెట్టి అక్కణ్నుంచి లెక్కపెట్టండి. ఆవిరి పెద్దగా పోదు కాబట్టి నీళ్లు 100 గ్రాములకి 200 మి.లీ. చాలు.

జాగ్రత్త ఒకటి ఉంది. గంజి నురగ కడుతుంది, అది విజిల్ గొట్టంలోకి వెళ్తే ఆవిరి దారి మూసుకుపోతుంది. అందుకే నీళ్లతో సహా కుక్కర్ సగానికి మించి నింపవద్దు. ఒక టీ స్పూను నూనె అదనంగా వేయండి, నురగ తగ్గుతుంది. సమయం కాగానే విజిల్ ఎత్తేస్తే గంజి చిమ్ముతుంది. చల్లటి నీళ్లున్న టబ్బులో కుక్కర్‌ని ఒకటి రెండు నిమిషాలు నిలబెట్టి, ఆవిరి పూర్తిగా దిగాక మూత తీయండి. అలాగే వదిలేస్తే లోపలి ఆవిరికి ఇంకో పది నిమిషాలు ఉడుకుతూనే ఉంటుంది.

ప్రశ్న: పిల్లలకి రాత్రి భోజనం ఇదొక్కటే అయితే బలం చాలదేమోనని సందేహం. గుడ్డు, మాంసం తినం. – విజయనగరం

జవాబు: మైసూరు పప్పు వేయండి, ఎర్ర కందిపప్పు అంటారే, అది. ఇటలీలో పాస్తా ఎ లెంతిక్కె అని ఇటువంటి పప్పుగింజలతో, పాస్తా ఎ చేచి అని శనగలతో, పాస్తా ఎ ఫజోలి అని చిక్కుడు గింజలతో వండుకునేవి పేదింటి నుంచి వచ్చిన రోజువారీ వంటలే. చీజ్ కన్నా ఇది చవక, కడుపూ నిలుస్తుంది. 100 గ్రాముల మైసూరు పప్పులో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు. డ్యూరమ్ పాస్తాలో అందులో సగం.

పాస్తా 220 గ్రాములకి తగ్గించి, పప్పు 100 గ్రాములు కడిగి, కూరలు తరిగేలోపు నాననివ్వండి. వరస మాత్రం మారాలి. ఉల్లిపాయ వేగాక టమాటా కన్నా ముందు పప్పు వేసి, గ్లాసున్నర నీళ్లు పోసి 8 నిమిషాలు ఉడికించండి. పులుపు ముందే పడితే పప్పు బద్ద మెత్తబడదని చింతపండు చివర్లో వేస్తాం కదా, టమాటాతోనూ అదే చిక్కు. పప్పు వేళ్ల మధ్య నలిగాక టమాటా వేసి మగ్గించి, తర్వాత పాస్తా, 600 మి.లీ. మరిగే నీళ్లు. కాస్త జీలకర్ర, మిరియాల పొడి దీనికి బాగా కుదురుతాయి. పప్పు అడుగుకి దిగి మాడే గుణం ఉంది, గరిటె ఆపకండి.

ప్రశ్న: పాలు పోసి తెల్ల పాస్తా చేస్తే విరిగిపోయింది. – గుంటూరు

జవాబు: టమాటా ఉన్న గిన్నెలో పాలు మరిగితే విరగడం ఖాయం. తెల్ల పాస్తాకి టమాటా వద్దు. 200 గ్రాముల మాకరోనీని వెల్లుల్లి, ఉప్పుతో 550 మి.లీ. నీళ్లలో ఉడికించి, నీళ్లు దాదాపు ఇగిరాక గ్లాసు వేడి పాలు పోసి, సన్నని సెగ మీద రెండు నిమిషాలు ఉంచండి. పాలు మొదట్లోనే పోస్తే పొంగుతాయి, అడుగంటుతాయి. మైదా వేయించి కలపాల్సిన పని లేదు, మాకరోనీ వదిలిన గంజే చిక్కదనం ఇస్తుంది. పొయ్యి ఆపాక రెండు చీజ్ క్యూబులు తురిమి కలపండి. క్యూబుల్లో ఉండే లవణాలు కొవ్వునీ నీటినీ కలిపి ఉంచుతాయి కాబట్టి అవి నున్నగా కరుగుతాయి. మొజరెల్లా ఇలాంటి చోట తీగలు సాగి ఒకచోట ముద్ద కడుతుంది.

టమాటాతోనే కమ్మగా కావాలంటే పాలకి బదులు నానబెట్టిన పది జీడిపప్పులు మెత్తగా రుబ్బి చివర్లో కలపండి. అది విరగదు.

ప్రశ్న: పాస్తాలో వేసే ఒరెగానో, బాసిల్ ఆకులు కొనాల్సిందేనా? – ఒంగోలు

జవాబు: కొనక్కర్లేదు. వాముకి ఘాటు వాసన ఇచ్చే థైమాల్ ఒరెగానోలోనూ ఉంటుంది. పావు టీ స్పూను వాము అరచేతిలో నలిపి టమాటాతో వేయండి, అంతకి మించితే చేదు. పెరట్లో వామాకు ఉంటే రెండు ఆకులు సన్నగా తరిగి దించేముందు కలపండి, ఇంకా బాగుంటుంది. బాసిల్ అంటే సబ్జా గింజలు ఇచ్చే మొక్కే. మన పూజ తులసి ఘాటు వేరు, దాన్ని దీనికి వాడకండి.

ప్రశ్న: టమాటా ధర మండిపోతున్నప్పుడు ఏం చేయాలి? – అనంతపురం

జవాబు: 2023 జులైలో కిలో వంద దాటి ఎక్కడికో పోయిన రోజులు ఇంకా గుర్తున్నాయి. రెండు టమాటాలు, పావుకిలో తియ్య గుమ్మడి చిన్న ముక్కలు, అర టీ స్పూను చింతపండు గుజ్జు కలిపితే సరిపోతుంది. గుమ్మడి పాస్తాతో పాటే ఉడికి కరిగిపోయి చిక్కదనం ఇస్తుంది. ఎర్రరంగు కాదు, పసుపు వస్తుంది. నీళ్లు మామూలుగానే పోసి, అరగ్లాసు మరిగే నీళ్లు పక్కన ఉంచుకోండి.

ప్రశ్న: ఇక్కడ పాస్తా ఒక పౌండు డబ్బాల్లో వస్తుంది. కప్పుల్లో కొలత చెప్పండి. – ఒక విద్యార్థి, డాలస్

జవాబు: పౌండు అంటే 454 గ్రాములు. తాజా టమాటాలైతే అయిదుంపావు కప్పుల నీళ్లు. 28 ఔన్సుల టమాటా డబ్బా పోస్తే అందులో రసం ఎక్కువ కాబట్టి నాలుగున్నర చాలు. గిన్నె ఆరు లీటర్లకి తగ్గకూడదు. ఈ పద్ధతి అమెరికాలో ఇంటింటికీ చేరింది 2013లో వంటల రచయిత్రి మార్తా స్టీవార్ట్ పత్రికలో వచ్చిన లింగ్వీనీ (సన్నని పట్టీల్లాంటి పాస్తా) వంటకంతోనే. అందులో టమాటా, ఉల్లి, వెల్లుల్లి, పాస్తా అన్నీ చల్లటి నీళ్లలో ఒకేసారి వేసేస్తారు. సమయం సరిగ్గా చూసుకుంటే డ్యూరమ్ పాస్తా దాన్ని తట్టుకుంటుంది. కానీ టమాటా ముందు వేయించిన రుచి దానికి రాదని మా అభిప్రాయం.

ప్రశ్న: ఎసరు మరిగాక పొయ్యి ఆపేసి మూత పెడితే గ్యాస్ కలిసొస్తుందా? – తిరుపతి

జవాబు: కలిసొస్తుంది. 2022లో ఇటలీలో ఇంధనం ధరలు పెరిగినప్పుడు నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త జార్జో పరీసి ఈ పద్ధతిని తన ఫేస్‌బుక్ పేజీలో పంచుకుంటే, అక్కడి వంటవాళ్లతో పెద్ద వాదన నడిచింది. పాస్తా ఉడకాలంటే నీళ్లు తెర్లుతూనే ఉండాలని లేదు, వేడి నిలిస్తే చాలు. మూడు నిమిషాలు కలుపుతూ మరిగించి, బిగుతుగా మూత పెట్టి ఆపేసి, 12 నిమిషాలు మూత తీయకండి. ఆవిరి పోదు కాబట్టి నీళ్లు 100 గ్రాములకి 240 మి.లీ. పల్చటి అల్యూమినియం గిన్నెలో మాత్రం వద్దు, వేడి ముందే దిగిపోయి పైన మెత్తగా, లోపల పచ్చిగా ఉంటుంది.

ప్రశ్న: మిగిలింది పొద్దున బాక్సులో పెడితే రాయిలా ఉంటోంది. – ఖమ్మం

జవాబు: ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గట్టిపడినట్టే ఇదీ, చల్లబడితే పిండి బిగుసుకుంటుంది. మళ్లీ బాగా వేడి చేస్తే సడలుతుంది. బాణలిలో గ్లాసు పాస్తాకి మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు చల్లి, మూత పెట్టి, సన్నని సెగ మీద పొగలు వచ్చేదాకా ఉంచి, అర టీ స్పూను నూనె కలిపి బాక్సులో సర్దండి. బాక్సుకని ముందే అనుకుంటే ఆ వాటా రాత్రి ఒక నిమిషం ముందే, కాస్త పల్చగా ఉండగానే తీసి వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టండి. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, రాత్రంతా గట్టు మీద ఉన్నది మాత్రం పిల్లలకి పెట్టొద్దు. అందులో పెరిగే కొన్ని సూక్ష్మక్రిములు వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు.