ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా కాలిన మోటారు: అమ్మినవారి బాధ్యత ఎంత?

ప్రశ్న: స్వయం ఉపాధి కోసం 120 వోల్టులు, 60 హెర్ట్జ్ మోటారు ఉన్న దిగుమతి వడ్రంగి యంత్రం కొన్నాను. మన 230 వోల్టుల సరఫరాకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే చాలని అమ్మిన సంస్థ ముందే వాట్సాప్‌లో రాసింది. కొద్ది నెలలకే వైండింగ్ కాలిపోయింది. కరెంటు తేడాకు వారంటీ వర్తించదని ఇప్పుడు అంటున్నారు. నష్టపరిహారం అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. మీకు ప్రధానమైన ఆధారం వారంటీ పత్రం కన్నా ఆ వాట్సాప్ సందేశమే.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని (కరెంటు సెకనుకు ఎన్ని ఆవర్తనాలు చేస్తుందో చెప్పే, హెర్ట్జ్‌లలో కొలిచే సంఖ్యను) మార్చదు. మన సరఫరా 50 హెర్ట్జ్ కనుక, 60 హెర్ట్జ్‌కు తయారైన ఇండక్షన్ మోటారుకు (బ్రష్‌లు లేని రకం) సరిగ్గా 120 వోల్టులే అందించినా, మోటారు లోపలి ఇనుప కోర్‌లో అయస్కాంత ప్రవాహం సుమారు 20 శాతం పెరిగి, వైండింగ్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. వేగం ఆరింట అయిదు వంతులకు తగ్గడంతో మోటారు ఫ్యాన్ చల్లబరచడమూ తగ్గుతుంది. అయితే బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారుకు ఈ వాదన నిలవదు కాబట్టి, మీది ఏ రకమో ముందు తేల్చుకోండి.

వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, కొనేవారు వస్తువును ఏ అవసరానికి వాడబోతున్నారో తెలియజేసి, ఆ సరుకు వ్యాపారం చేసే అమ్మకందారు నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు, అది ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు ఒప్పందంలో ఉన్నట్టే లెక్క. పేటెంటు పేరుతోనో వ్యాపార నామంతోనో ఫలానా వస్తువే కావాలని అడిగి కొన్నవారికి ఈ రక్షణ వర్తించదు. ఎదుటివారు ముందుగా పట్టుకునేది ఈ మినహాయింపునే. నేమ్‌ప్లేటు మీద 60 హెర్ట్జ్ అని స్పష్టంగా ఉందనీ, మీ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం చాలలేదనీ కూడా వాదిస్తారు. అందుకే మీరు అడిగిన ప్రశ్న, వారిచ్చిన జవాబు రెండూ ఉన్న పూర్తి సంభాషణనూ, ట్రాన్స్‌ఫార్మర్ బిల్లునూ భద్రపరచండి.

వాణిజ్య అవసరానికి కొన్నవారిని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వినియోగదారులుగా గుర్తించదు. అయితే స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని, స్వయంగా వాడుకునే మీకు ఆ అడ్డంకి లేదు. మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు.

మోటారును ఇప్పుడే రివైండింగ్‌కు ఇవ్వకండి. లోపాన్ని ప్రయోగశాల పరీక్షతో తేల్చే అధికారం కమిషన్‌కు ఉంది. కాలిన వైండింగ్ తీసేస్తే పరీక్షించడానికి ఏమీ మిగలదు.