చెత్త బండి పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, కావలి నుంచి అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. డిగ్రీ చదివినవాడు నెల్లూరులో హోటళ్ళ చెత్త ఎత్తే కాంట్రాక్టు పెడతానంటున్నాడు, నువ్వైనా చెప్పు వదినా అని. సరే చెప్తాలే అన్నాను. మానుకోమని మాత్రం చెప్పను. మీ నాన్న చదువు నేను ఆ పని చేస్తేనే సాగింది. మన ఇంట్లో ఇన్నాళ్ళూ ఆ బండ్ల మీద కూలికి పోయినవాళ్ళమే గానీ బండికి ఓనరైనవాడు లేడు. ఆ మాట తలుచుకుంటే గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్‌లో చెప్తే ఊ కొట్టి మర్చిపోతావని ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు సార్లు చదువు.

గ్లౌజులు, బూట్లు, మాస్కులు, మెరిసే జాకెట్లు, వానకోట్లు కొను. చెత్త ముట్టుకునే ప్రతి మనిషికీ ఇవి ఇచ్చి తీరాలని ఘన వ్యర్థాల నిబంధనల్లో 2016లోనే రాశారు. వాటి ఖర్చు పనివాళ్ళ జీతంలో కోయకు. చినిగిన రోజే మార్చు. ఇంతకంటే నీకు చెప్పక్కర్లేదు.

నేను చెప్పాలనుకున్నది రేటు గురించి. రేటుకూ ప్రాణానికీ ఏం సంబంధం అంటావేమో, విను.

నేను మున్సిపాలిటీ పని వదిలేసి ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరిన కొత్తల్లో, బండికి డ్రైవరు కాక ఇద్దరు మనుషులు ఉండేవాళ్ళు. ఇద్దరూ సంచులు ఎత్తేవాళ్ళు. బండి వెనక్కి తీయాల్సి వస్తే ఒకడు దిగి, డ్రైవరుకు అద్దంలో కనపడేటట్టు నిలబడి చెయ్యి చూపించేవాడు. బాగానే జరిగేది. ఇంతలో ఒక పెద్ద షాపువాళ్ళు, వేరే ఆయన తక్కువకి చేస్తానంటున్నాడు, మీరూ తగ్గించండి అన్నారు. మా ఓనరు తగ్గించాడు. తగ్గించిన డబ్బు ఎక్కడో ఒకచోట మిగల్చాలి కదా. డీజిల్ తగ్గదు, బండి కిస్తీ తగ్గదు. బండికి ఒక మనిషిని తగ్గించాడు. పని వేళలు మాత్రం మారలేదు, తెల్లారి షట్టర్లు ఎత్తేలోపు సందులన్నీ ఖాళీ అయిపోవాలి.

ఆ మిగిలిన హెల్పరు కనిగిరి వైపు పిల్లాడు. ఆ ఏడు వానల్లేక పంట పోయి పనికోసం నెల్లూరు వచ్చాడు. చిన్నబజారులో బట్టల షాపుల వెనక ఒక సందు ఉంది. బండి లోపల తిరగదు, వెనక్కే పోవాలి. బండికి రివర్స్ హారన్ ఉండేది. రాత్రిపూట నిద్ర పాడవుతోందని పక్కింటివాళ్ళు గొడవ చేస్తే దాని వైరు పీకేశారు. సందు ఇరుకని ఎడమ అద్దం మడిచేశారు. ఆ రోజు వాన కూడా పడింది. పిల్లాడు కుడివైపు సంచులు ఎత్తి, ఎడమవైపు జారిపోయిన ఒక సంచి కోసం బండి వెనక నుంచి పోయాడు. డ్రైవరు కుడి అద్దంలోనే చూస్తూ బండి వెనక్కి తీశాడు. పిల్లాడు బండికీ గోడకూ మధ్య ఇరుక్కుపోయాడు. ఆస్పత్రి దాకా కూడా ఉండలేదు.

అందరూ డ్రైవరును తిట్టారు. ఓనరు అజాగ్రత్త అన్నాడు, పోలీసు కాగితంలో కూడా ఆ మాటే పడింది. ఆ డ్రైవరు మళ్ళీ స్టీరింగు పట్టలేదు. నేను మాత్రం వెనక్కి లెక్క వేసుకుంటూ పోయాను. మడిచిన అద్దం, పీకేసిన వైరు, తొందర, లేని మనిషి. ఆ మనిషి ఎందుకు లేడు అంటే రేటు తగ్గించిన రోజు దగ్గరికి పోయి ఆగింది నా లెక్క. ఆ పిల్లాడి తల్లి వచ్చినప్పుడు పక్కన కూర్చున్నది నేనే. ఆమె ఏడవలేదు. బండి వెనక్కి పోతుంటే వెనక ఎవరూ లేరా అమ్మా అని అడిగింది. అంత చదువూ లేదు, చెత్త పని గురించి ఏమీ తెలియదు, ఆ ఒక్క మాట అడిగింది. నేనేం చెప్పను?

అప్పటి నుంచి నాకు వెనక్కి వచ్చే బండి అంటే భయం. ఇంటి ముందు ఆటో రివర్స్ అవుతున్నా గేటు లోపలికి వచ్చేస్తాను. అందుకే నిన్ను గట్టిగా అడుగుతున్నాను. కొటేషన్ రాసేటప్పుడు బండికి ఇద్దరు హెల్పర్లను కాగితం మీద వెయ్యి, ఎవడు బేరం ఆడినా ఆ రెండో మనిషి మీద బేరం ఒప్పుకోకు. ఆ రేటుకు రాని హోటలును వదులుకో. ఒప్పుకునే ముందు ప్రతి షాపు వెనకకూ నువ్వే నడిచి వెళ్ళి చూడు. బండి ముందుకే పోయి ముందుకే బయటపడేటట్టు దారి వేసుకో. సందు ఇరుకైతే బండి మొదట్లోనే ఆపి, చక్రాల డబ్బాలు తోసుకుంటూ రండి. ఇంకా తప్పదు, వెనక్కే తీయాలి అంటే ఒకడు దిగాలి, డ్రైవరుకు ఎప్పుడూ కనపడుతుండాలి, వాడు కనపడని మరుక్షణం బ్రేకు పడాలి. ఇంకో మనిషి బండి వెనక ఉండకూడదు. కెమెరా పెట్టించు, హారన్ వైరు జోలికి ఎవరినీ పోనివ్వకు. ఎదురింటివాళ్ళకు నిద్ర పాడైతే వేళ మార్చుకో, వైరు పీకకు.

ఇప్పుడు తిట్టే మాట. మొన్న నీ స్టేటస్‌లో ఫోటో చూశాను. ట్రయల్ అంట, కదిలే బండి వెనక ఒంటి చేత్తో వేలాడుతూ నవ్వుతున్నావు. ఓనరే అట్లా వేలాడితే రేపు నీ పనివాళ్ళకు ఏ నోటితో చెప్తావు? గుంటలో చక్రం పడితే చెయ్యి ఆగుతుందా? ఆ ఫోటో తీసెయ్యి. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు నేను చెత్త ట్రాక్టరు మీద మీ బడి ముందు నుంచి పోతుంటే, పిల్లలందరి ముందూ అత్తా అని అరుస్తూ పరిగెత్తుకొచ్చేవాడివి. నా చీర వాసన నీకు ఎప్పుడూ అడ్డం కాలేదు. అట్లా పరిగెత్తుకొచ్చిన పిల్లాడి కాలు విరిగిందని వినడానికి నేను సిద్ధంగా లేను అబ్బయ్యా.

సూదుల సంగతి. నువ్వు ట్రంకు రోడ్డు, పొగతోట రెండూ పట్టుకుంటానన్నావంట. పొగతోట అంటే ఆస్పత్రులు. ఆస్పత్రి చెత్త మామూలు చెత్తలో కలపకూడదు, దానికి పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వేరే సంచులూ డబ్బాలూ, వేరే బండి ఉంటాయి. అయినా ఏ చిన్న క్లినిక్కో ల్యాబో టీ కప్పుల కింద సిరంజీలు దాచి నీ సంచిలో పడేస్తుంది. అందుకని సంచిని ఎప్పుడూ మూతి దగ్గరే పట్టుకోవాలి, ఒంటికి దూరంగా. భుజాన వేసుకోవడం, కాలితో తొక్కి అణచడం, లోపల చెయ్యి పెట్టి వెతకడం వద్దు. ఏ గ్లౌజూ సూదిని పూర్తిగా ఆపలేదు. బార్ల దగ్గర గాజు పెంకులకు వేరే డ్రమ్ము ఇప్పించు.

గుచ్చుకుంటే పిండకూడదు, నోటితో పీల్చకూడదు. సబ్బుతో, పారే నీళ్ళతో కడిగి వెంటనే పెద్దాస్పత్రికి పరిగెత్తాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనికిరావు, 28 రోజులు మానకుండా వాడాలి. హెపటైటిస్ బి టీకా మాత్రం పనిలో చేరిన రోజే మొదటి డోసు వేయించు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ధనుర్వాతం సూది కూడా. మా రోజుల్లో గుచ్చుకున్నవాళ్ళు చెప్పేవాళ్ళు కాదు. చెప్తే ఆ పూట కూలి పోతుంది, ఇంట్లో భార్య అనుమానిస్తుంది అని భయం. నీ దగ్గర గుచ్చుకున్నవాడికి ఆ రోజు కూలి పూర్తిగా ఇస్తానని ముందే చెప్పు. అప్పుడే చెప్తారు.

హోటళ్ళవాళ్ళు ఇంకో మాట అడుగుతారు. చెత్తతో పాటు మా వెనక జిడ్డు తొట్టి, మురుగు సంపు కూడా మీ వాళ్ళతో ఒకసారి దింపి శుభ్రం చేయించండి, ఐదొందలు ఎక్కువ ఇస్తాం అని. ఎంత ఇచ్చినా వద్దు. కుళ్ళిన మురుగులో పుట్టే గ్యాసు మొదట కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కుకు ఆ వాసనే తెలియకుండా పోతుంది. వాసన పోయింది, గ్యాసు పోయింది అనుకుని మనిషి దిగుతాడు. పడిపోతాడు. వాణ్ణి లాగడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ పోతాడు. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ 30 లక్షలు చూసి దిగే మనిషి ఎవరూ ఉండరు. యంత్రం బండి పిలిపించుకోమను. రొయ్యల కంపెనీల చెత్త కూడా ఇప్పుడే పట్టుకోకు. మూత వేసిన కంటైనరులో రొయ్య తలకాయలు కుళ్ళితే అదే గ్యాసు.

చికెన్ షాపుల దగ్గర నీకు ఎదురు డబ్బులిస్తామనేవాళ్ళు తగులుతారు, ఆ కోడి వ్యర్థాలు చేపల గుంటలకు మేతగా తోలడానికి. వాళ్ళ నీడ కూడా నీ బండి మీద పడనివ్వకు.

బరువుల విషయం. హోటలు తడిచెత్త డ్రమ్ము చూడటానికి మామూలుగా ఉంటుంది, సాంబారూ గంజీ నిండితే ఇద్దరు మగవాళ్ళు కదపలేరు. నా నడుము అక్కడే పోయింది. ఇప్పటికీ వంగి ముగ్గు వెయ్యలేను. సగానికి మించి నింపొద్దని కాంట్రాక్టులో రాయించు. హోటళ్ళన్నీ తడీ పొడీ విడగొట్టి ఇవ్వాలని కూడా ఆ ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది, మొహమాటపడకుండా అడుగు. పాత బ్యాటరీలు, గ్యాసు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు విడిగా పెట్టాలి, లోడులో నలిగితే అంటుకుంటాయి, పగులుతాయి. చెత్త పొగ వస్తుంటే నీళ్ళు పోసి ఊరుకోవద్దు, ఖాళీ చోట కుమ్మరించి ఫైరుకు ఫోన్ చెయ్యండి.

దొంతాలి చెత్త యార్డులో బండి తొట్టి ఎత్తేముందు పైకి చూడాలి, కరెంటు తీగలుంటాయి. ఎత్తిన తొట్టి కిందకు సపోర్టు రాడ్డు పెట్టకుండా ఎవరూ దూరకూడదు. ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు బండిలోనే ఉంచు, పది గంటలకల్లా పని ముగించు. నవంబరు వానల్లో ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జి కిందకు బండి దింపకు. ఎలుకలు తిరిగిన నీళ్ళలో నడిచినవాళ్ళకు వారం పది రోజులకు జ్వరమొస్తే డాక్టరుకు ఏం పని చేస్తారో కూడా చెప్పమను.

పది మంది అయితే ఈఎస్‌ఐ కట్టాలి, నెలకు 21 వేల లోపు జీతం వాళ్ళందరికీ వస్తుంది. అంతకంటే తక్కువమందైతే కార్మికుల పరిహారం పాలసీ తీసుకో. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా బ్యాంకులో ఉంది, ఒక్కొక్కళ్ళ ఖాతా దగ్గర నువ్వే నిలబడి కట్టించు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఆమెకు ఈ ఉత్తరం చూపించకు, చిన్నబజారు సంగతి చదివితే తిండి మానేస్తుంది. కొటేషన్ ఇంకా ఇవ్వలేదంట కదా. ఇచ్చేముందు రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ చేసి నాకు చదివి వినిపించు. మనుషుల లెక్క ముందు చదువు, డీజిల్ తర్వాత.

మీ అత్త